బొటనవేలి కింద ముక్కలు

ఏప్రిల్ 8

లేదు శంకరన్నా, నీ మాట తప్పు. నిన్న చాయ్ హోటల్ దగ్గర చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తా. ఇక్కడ, నువ్వు నవ్వని చోట.

ఫోన్‌లో పోకర్ గెలిచానని చూపించాను, అంతే. చేతిలో రెండు ముక్కలు, నడుమ ఐదు. మిగతాదంతా ఎదుటివాడి మనసు చదవడమే. వందల మంది మొదలుపెట్టిన ఆట. ఒక్కొక్కరే లేచిపోయారు, చివరికి నేను మిగిలాను. పైసల ఆట కాదు, అది మన దగ్గర బందు. ఉత్త చిప్పులు, బొమ్మ బిళ్ళలు. అయినా గెలుపు గెలుపే కదా. అన్న చాయ్ ఊదుకుంటూ చూశాడు, ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"నువ్వు గెల్వలే తమ్మీ. వాడు గెలిపిచ్చిండు."

వాడంటే లోపల కూర్చున్నోడంట. ముక్కలు కలిపేవాడు. అందరి ముక్కలూ వాడికి కనబడతాయంట. కొత్తవాడికి కొన్నాళ్ళు మంచి ముక్కలు వేసి అలవాటు చేస్తాడంట, తర్వాత గుంజుతాడంట. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడిపేవాడికి ఇవన్నీ ఎవరు చెప్తారో.

అంతటితో ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. లచ్చిరాం మామ మాట తెచ్చాడు. వరికోత మిషన్ వంతుల కోసం మా తండాలో మామ కలిపే పేకలో ఏదో ఉంది, మా ఇంటికి ఎప్పుడు చూసినా చివరి వంతే అని పోయిన నెల నేనే అన్నాను. అది మనసులో పెట్టుకున్నాడు.

"కండ్ల ముందర కలిపే మామ చేతులను నమ్మవు. ఎన్నడు చూడనోని ఫోన్‌ను నమ్ముతవు. నీ తెలివి సల్లగుండ."

హోటల్ అంతా నవ్వింది. చాయ్ పోసేవాడు కూడా.

తొమ్మిదిలో బడి మానేశాను. తర్వాత జనగామలో హోటల్ పని, మొగుళ్లపల్లిలో టైర్ల షాపు, ఇప్పుడు మానుకోటలో మొబైల్ షాపు. ఎక్కడా నిలవడు అని పేరు. ఒక్క ముక్కల దగ్గర కదలకుండా కూర్చుంటాను. ఎదుటివాడు ఎందుకు ఆగాడో, ఎందుకు పెంచాడో తెలిసిపోతుంది నాకు. అది కూడా ఎవడో ఇచ్చిందే అంటే...




ఏప్రిల్ 9

షాపు ఖాళీ. సేటు అన్నానికి పోయాడు. యాప్‌లో అట్టడుగున చిన్న అక్షరాల పేజీ ఒకటి ఉంది, ముక్కలు ఎట్లా కలుపుతారో చెప్పేది. ఇంగ్లీషు. ఫోన్‌తోనే తెలుగు చేయించుకున్నా. ఆ తెలుగూ సగమే అర్థమైంది. మళ్ళీ మళ్ళీ చదివితే ఇంత మిగిలింది —

లోపల మనిషి లేడు. అంకెలు పుట్టించే యంత్రం ఉంది. అది ఏ అంకె చెప్తే ఆ ముక్క పైకి వస్తుంది. తర్వాత వచ్చే అంకె ఏదో దానికీ తెలియదు. కరెంటు పారే చోటల్లా ఒక సన్నని వణుకు ఉంటుందంట, రేడియోలో రెండు స్టేషన్ల నడుమ వచ్చే గరగర లాంటిది. దానిలోంచి అంకె తీస్తారు.

మొదట్లో కొన్ని చోట్ల గడియారంలోంచి తీసేవాళ్ళంట. టైము చూసి పేక కలపడం. ముక్కలు చూస్తే బాగానే కలిసినట్టు ఉంటాయి. కాని ఆ టైము పట్టుకున్నవాడికి పేకంతా తెలిసిపోతుంది. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

అంటే ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. ముక్కలు కలిశాయా? ఇది ఒకటి. కలిపినవి ముందే ఎవరికైనా తెలుస్తాయా? ఇది వేరే. శంకరన్న రెండూ కలిపి ఒకే దెబ్బ కొట్టాడు. అందుకే నాకు నోరు పెగల్లేదు.

ఫోన్ చేసి చెప్పాను, గడియారం సంగతి కూడా. అంతా విన్నాడు. "గా గడియారం ఇప్పుడు ఎవని చేతుల ఉన్నది?" అన్నాడు. పెట్టేశాడు.


ఏప్రిల్ 10

రాత్రి ఫోన్ ఆటలో మూడు రాజులు నాకు. అవతలివాడికి ఆఖరి ముక్క ఇస్పేటు పడింది, ఐదూ ఇస్పేట్లు అయ్యాయి. పోయింది. వాడే వేశాడు — నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. శంకరన్న గొంతు నా నోట్లో.


ఏప్రిల్ 12

జనగామ పోయి వచ్చాను. మిషన్ ఓనర్‌తో మాట్లాడి రమ్మని తండా వాళ్ళు నన్నే పంపారు. బండి ఉన్నది నాకే కాబట్టి.

ఓనర్ షెడ్డులో మంచం మీద పడుకుని మాట్లాడాడు, లేవలేదు. మాది గంగారం అవతల అని చెప్తే మూలిగాడు. అడవి దారి, చిన్న చిన్న మడులు, మలుపులకే డీజిల్ అయిపోతుందంట. చివరికి ఒప్పుకున్నాడు. ఇరవైన వస్తుంది, కొన్ని రోజులే ఉంటుంది, తర్వాత మొగుళ్లపల్లి దిక్కు పోవాలి, అక్కడ పెద్ద పెద్ద మడులు పెట్టుకుని కూర్చున్నారు దొరలు.

"ఆ దినాల్ల ఎవలది కోస్తె వాళ్ళది. మిగిలినోళ్ళు కొడవండ్లు నూరుకోండ్రి."

మిగిలేది ఎవరో నాకు తెలుసు. పోయిన యాసంగి పంటకు మాదే మిగిలింది. వాన పడి చేను పడుకుంది, మిషన్ దిగబడుతుందని డ్రైవర్ మడిలోకే రాలేదు. అమ్మ, అదే మా యాడి, నేను, ఇద్దరు కూలివాళ్ళు బురదలో కోశాం. కల్లంలో ఆరకముందే మొలకలు వచ్చాయి. బాపు ఆ ఏడే ఇటుక బట్టీల పనికి పోయాడు, ఇంకా అక్కడే.

వచ్చేటప్పుడు దారంతా వరి పండి ఉంది. ఎండ మాడుస్తోంది. ఫోన్‌లో మాత్రం వచ్చే వారానికి మబ్బు బొమ్మ.


ఏప్రిల్ 13

కొత్త పేక కొన్నా. షాపు కౌంటర్ మీద కలుపుతూ పంచుతూ కూర్చున్నా. గట్టిగా కలిపాను, చేతులు నొప్పి పుట్టేదాకా. అయినా ఒకే చేతికి రెండు ఆసులు. తర్వాత పంచితే మళ్ళీ రెండు ఆసులు. తర్వాత ఎర్ర ముక్కలే వరసగా. ఫోన్‌లో ఇట్లా పడితే మోసం అనేవాణ్ణి. ఇక్కడ మోసం చేసేవాడు ఎవడు, నేనే కదా.

యాడి వెదజల్లిన వడ్లు గుర్తొచ్చాయి. చేత్తో చల్లితే ఒక చోట గుంపుగా మొలుస్తాయి, ఒక చోట బోసిగా ఉంటుంది. నాటు వేసిన మడి వరసగా ఉంటుంది. వరసగా ఉంటే మనిషి పెట్టినట్టు. గుంపులు గుంపులుగా ఉంటే చల్లినట్టు.

మనం మాత్రం గుంపు కనబడగానే ఎవడో పెట్టాడంటాం.

ఇది అన్నకు చెప్పాలి. ఇది చెప్తే కాదనలేడు. యాభై రెండు ముక్కలు ఎన్ని రకాలుగా పేర్చొచ్చో ఆ అంకె కూడా చూశాను ఫోన్‌లో. ఈ పేజీ అడ్డంగా ఒక లైను చాలదు రాయడానికి. లోకంలో ఎవరూ కలపని పేక ఒకటి ఇప్పుడు నా చేతిలో ఉండొచ్చు. సేటు వచ్చి పేక తీసి పక్కన పడేశాడు. ఫోన్లకు గ్లాసులు అంటించమన్నాడు.


ఏప్రిల్ 15

తండా. సెలవు పెట్టి వచ్చాను, కోత అయ్యేదాకా.

యాడి కల్లం ఊడ్చి పెట్టింది, పేడతో అలికింది కూడా. వంతు ఎప్పుడొస్తుందో తెలియకుండానే. టార్పాలిన్ చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంది. ఈసారి ఏ ముక్క పడుతుందో అన్నాను, ఊరికే. తల ఎత్తకుండానే అంది —

"పడుడేంది. నాకు ఎప్పుడు గా నల్లాకుల మూడే గద."

మా లంబాడి మాటలో అంది, తెలుగులో రాస్తే ఆ విసుగు రాదు. కళావరు మూడు. ఎప్పుడూ అదేనా అని అడిగాను. ఎప్పుడూ అదే అంది. మొన్న వానాకాలం అదే, అంతకుముందు యాసంగి అదే. శంకరన్నే మా ఇంటి ముక్క తెచ్చి చూపించేవాడు. వంతుల కాడికి ఆడవాళ్ళు పోరు, పేక ముట్టరు. నేను ఊళ్ళో ఉండను, బాపు లేడు.

నిన్న మొన్నటిదాకా ఇది వింటే యాడి ఉక్రోషం అనుకునేవాణ్ణి. గెలిచినవాళ్ళకు ముక్క గుర్తుండదు, వంతు గుర్తుంటుంది. ఓడినదానికి ముక్క గుర్తుంది.

చివరి వంతు మళ్ళీ మళ్ళీ వస్తే గుంపు అనొచ్చు, చల్లిన వడ్లు అనొచ్చు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తే? అది నాటు.


ఏప్రిల్ 16

లచ్చిరాం మామ ఇంటికి పోయాను. కోపంతోనే పోయాను, దాచడం ఎందుకు.

మామ అరుగు మీద కూర్చుని బీడీ కట్టలు సర్దుకుంటున్నాడు. పేక చూపించు మామా అన్నాను. అనుమానపడలేదు. లోపలి నుంచి రేకు డబ్బా తెచ్చాడు. పేక అంచులు పసుపు రంగుకు తిరిగాయి, ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు బొట్లు. కొత్తది కొనొచ్చు కదా అంటే, దీనికి అలవాటైంది అన్నాడు. ఎవరికి అలవాటైందో.

పద్ధతి నాకు తెలిసిందే, అయినా మామ నోటితో చెప్పించుకున్నాను. ముందు పేకకు బొట్టు. బొట్టు పెట్టినాక మామ తప్ప ఇంకెవరూ ముట్టరు. మామ కలుపుతాడు, తన ఇంటి నుంచి మొదలుపెట్టి ఇళ్ళ వరసగా తలా ఒక ముక్క. పక్కది శంకరన్న ఇల్లు, అట్లా దిగుతూ వచ్చి వాగు పక్కన మాది ఆఖరు. ఆసు పడితే ముందు, రెండు పడితే చివర. ఒకే అంకె రెండిళ్ళకు పడితే ఇస్పేటుదే పైచేయి. అయిపోయాక అదే వరసలో ముక్కలు ఏరుకొస్తారు, పేక పైన పెడతారు, డబ్బాలో వేస్తారు. మళ్ళీ పంట దాకా డబ్బా తెరవరు.

కలిపి చూపించు మామా అన్నాను.

కలిపాడు. ఎడమచేతిలో పేక, పైన బొటనవేలు. ఆ వేలు వణుకుతోంది. వణుకు ఆపడానికి గట్టిగా అదిమి పట్టాడు. కుడిచేత్తో అడుగు నుంచి ఒక గుప్పెడు లాగి మళ్ళీ అడుగుకే వేశాడు. ఇంకోసారి. అయిపోయింది. మంచిగ కలిసింది అన్నాడు.

బొటనవేలి కింద ఉన్న ముక్కలు కదలనే లేదు. పై సగం పోయిన పంటకు ఎట్లా ఏరుకొచ్చారో అట్లానే ఉంది. పేక తీసుకుని పై నుంచి ఒక్కో ముక్క తిప్పుతూ ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగాను. మామ ఇల్లు, ఇస్పేటు రాణి. శంకరన్నది డైమండ్ రాజు. దిగుతూ దిగుతూ వాగు పక్కకు వచ్చాను...

కళావరు మూడు.

కోపం ఎటు పోయిందో తెలియదు. ఇది మోసం కాదు. మోసం చేసేవాడు ఇంత గట్టిగా వణకడు. మామ నా మొహం చూశాడు, తన వేలు చూసుకున్నాడు. ముక్కలు సర్దుకుని డబ్బా మూతపెట్టాడు.

"నా చేతుల ఏం లేదు బిడ్డా. ఎవలది వాళ్ళకు పడ్తది."




ఏప్రిల్ 17

శంకరన్నకు చెప్పాను, వాగు దగ్గర మోటారు విప్పుతుంటే. మామ తప్పు చేయలేదన్నా, పేక కలవడం లేదు అని. వేలు సంగతి, మూడు సంగతి, అన్నీ. విన్నాడు. టిప్పర్ నడిపేవాడు, పని చేసే చేతి తీరు తెలిసిన మనిషి. అర్థమైంది కూడా, పానా పక్కన పెట్టాడు కదా. వాళ్ళింటికి రాజు ఎందుకు పడుతుందో కూడా అర్థమయ్యే ఉంటుంది.

తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"అయితే మామ వద్దు. నీ ఫోనే కలపనీ. చూద్దం నీ నిజాయితి."

వేలు సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనన్నాడు. ఈ ఒక్క మాట మీద అన్నను నమ్ముతాను.


ఏప్రిల్ 18

రాయాలని లేదు. రాస్తా.

అందరూ వేపచెట్టు నీడలో కూర్చున్నారు. మామ డబ్బా తెచ్చాడు. శంకరన్న లేచి అన్నాడు, ఈసారి తమ్ముడు ఫోన్‌లో కలుపుతాడంట, కొత్త పద్ధతి, ఎవరి చెయ్యీ తగలదు. వెక్కిరింపా నిజమా తెలియకుండా అన్నాడు. పడుచువాళ్ళు సై అన్నారు. మామ ఒక్క క్షణం డబ్బా మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు, సరే కానీ అన్నాడు. బొట్టు పెట్టబోయిన వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

ఉత్త ముక్కలు కలిపే యాప్ ఒకటి ఉంది, ఆటలు ఏమీ లేనిది. అందరి ముందు తెరిచాను. ఫోన్ పైకెత్తి చూపించాను. ఇంటి పేరు చెప్పడం, నొక్కడం, వచ్చిన ముక్క చూపించడం. మామ ఇంటికి ఆరు. శంకరన్నకు కళావరు తొమ్మిది. చిన్న నవ్వు నవ్వాడు. మా పక్కింటి బుజ్జి వదిన వాళ్ళకు రాణి — ఎన్నడూ పడలేదు, వదిన మామగారు కేక వేశాడు. అంతా బాగుంది. చల్లిన వడ్లలాగా ఉంది. లోపల ఎంత హాయిగా ఉందో నాకు, చూశారా, ఇది కలవడమంటే, అని.

ఆఖరున మా ఇల్లు. నొక్కాను.

ఇస్పేటు ఆసు.

నేను ఏమీ చేయలేదు. ఈ పేజీకి అబద్ధం చెప్పి నాకు వచ్చేదేమీ లేదు. నేను ఏమీ చేయలేదు.

ఎవరూ గొడవ చేయలేదు. అదే కష్టమైంది. గాలికి వేపాకులు రాలుతున్నాయి. వెనుక నుంచి ఎవరో మెల్లగా అడిగారు —

"ఫోన్ ఎవలది?"

అంతే. ఒక్కొక్కరే లేచి పోయారు. శంకరన్న నా పక్క నుంచి పోతూ భుజం తట్టాడు. గెలిచినవ్ పో తమ్మీ అన్నాడు.


ఏప్రిల్ 18, సాయంత్రం

ఆ యాప్‌లోనూ కరెంటు వణుకే కలిపింది. మామ వేలు కన్నా వందసార్లు బాగా కలిపింది. నాకు తెలుసు. వాళ్ళకు ఎట్లా తెలియాలి? నా చేతిలో ఫోన్, నా వేలు, నా ఇంటికి ఆసు. వాళ్ళు చూసింది అది. నేను వాళ్ళ చోట ఉంటే? ఎవడు ఫోన్ పట్టుకున్నాడు అనే అడిగేవాణ్ణి, ఇంకా గట్టిగా.

అందరి ముందు నేను ఇవ్వాళ లోపల కూర్చున్నోణ్ణి అయ్యాను.

పేకాటలో ఒకడు కలిపితే పక్కవాడు కోస్తాడు, పై సగం ఎత్తి అడుగున పెడతాడు. కోస్తే ముక్కలు ఇంకా బాగా కలుస్తాయని అనుకునేవాణ్ణి. కోయడం కలపడానికి కాదు. అవతలివాడి చెయ్యి ఒకటి తగలడానికి. నీ చెయ్యి కూడా పడింది, ఇక నన్ను అనకు, అని. మాకు ఆ కోత లేదు. ముందే బొట్టు పెట్టేస్తాం, ఆ తర్వాత ముట్టుకుంటే పాపం అంటాం.

ఆ చిన్న అక్షరాల విషయాలే ఇంకా వెతికి చదివాను. కొన్ని చోట్ల ఆట మొదలవకముందే కలిపిన పేకకు ఒక సీలు లాంటిది వేసి అందరికీ చూపిస్తారంట. ఆట అయ్యాక విప్పి సరిచూసుకోవచ్చు. ఆడేవాళ్ళ ఫోన్ల నుంచి కూడా తలా ఒక అంకె తీసుకుని దాంట్లో కలుపుతారంట. అంటే కోత. నేను గెలిచిన ఆటకు అట్లాంటిది ఉందా అని చూశా. లేదు. పరీక్ష చేశారు, సర్టిఫికెట్ ఉంది, మమ్మల్ని నమ్మండి — అంతే రాసి ఉంది. లచ్చిరాం మామ కూడా అంతే కదా అన్నది.

శంకరన్నా, ఆ రోజు నేను గెలిచానా గెలిపించారా — నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకునే దారి వాళ్ళు పెట్టలేదు. నీ మాట తప్పు అని మొదటి పేజీలో రాశాను. కొట్టెయ్యను. తప్పే. కాని నాదీ ఒప్పు కాదు.


ఏప్రిల్ 19

పొద్దున్నే యాడికి చెప్పాను. ఈ వంతు వద్దందాం, అందరూ ముట్టుకునేటట్టు మళ్ళీ కలుపుదాం అని. పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. రొట్టె తిప్పింది.

"నాకు నల్ల మూడు పడ్డనాడు ఎవ్వరన్న మళ్ల కలుపుదమన్నరా?"

లేదు.

"మడిల మొలకలొచ్చినంక ఎవ్వరన్న వచ్చి చూసిండ్రా?"

లేదు. ఆసు నిజంగానే పడిందా బేటా అని అడిగింది. నిజంగానే పడింది అన్నాను. నా కళ్ళలోకి చూసింది. నా తల్లి కూడా చూడాల్సి వచ్చింది.

అయితే మనదే, అంది. నిజంగ పడ్డదాన్ని ఎందుకు ఇడుస్తం.

పడింది నిజం. చేను మీద గింజ నిజం. గంగారం దిక్కు మబ్బు కూడా నిజమే, సన్నగా, అడవి మీద. ముందు మాది కోస్తే ఈ ఏడు బయటపడతాం. తండాలో నేను ఎన్ని పంటల దాకా దొంగగా ఉంటానో అది వేరే లెక్క.


ఏప్రిల్ 19, మధ్యాహ్నం

యాడి ఇంట్లో లేదు. మామ ఇంటి దిక్కు పోయిందంట. పొద్దున రొట్టె తినకుండానే పోయిందని బుజ్జి వదిన చెప్పింది.


ఏప్రిల్ 20

బండి మీద కూర్చుని రాస్తున్నా. వేపచెట్టుకు కాస్త దూరంలో. తొందరగా రాయాలి.

మిషన్ వచ్చింది. వాగు అవతల ఆగింది, లారీ మీంచి దింపుతున్నారు. ఆ చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. మబ్బు నిన్నటి కన్నా కిందికి దిగింది.

నిన్న ఏం జరిగిందో యాడి చెప్పలేదు, మామ చెప్పాడు. బిడ్డ మీద దొంగ మాట పడితే ఆసు ఎందుకని, తిరిగి ఇస్తా అన్నదంట. ఊరికే కాదు. ఇకనుంచి ముందు కలపాలి, తర్వాతనే బొట్టు. ప్రతి ఇంటి చెయ్యీ పడాలి. వంతుకు ఎవరి చేను ఉందో వాళ్ళే వచ్చి ముట్టాలి, ఆడదైనా సరే. ఆడవాళ్ళు పేక ముడతారా అని మామ అన్నాడంట. దానికి యాడి —

"వరి నాటిన చేతులే గదనే అన్నా."

ఇవ్వాళ పొద్దున ఈ మాట పెట్టింది మామనే. శంకరన్న ఏదో అనబోయాడు, వెక్కిరింపే అయ్యుంటుంది. మామ తన ఎడమచెయ్యి అందరికీ కనబడేటట్టు చాపాడు. బొటనవేలు వణుకుతోంది. దాచుకోలేదు ఈసారి.

"నా ఏలు నిలుస్తలేదు. చానా దినాలైంది. మీరే కలుపుకోండ్రి."

శంకరన్న నా దిక్కు చూశాడు. నేను చెప్పలేదు అని తల అడ్డంగా ఊపాడు. చెప్పలేదని నాకు తెలుసు. మామనే ఒప్పుకున్నాడు. శంకరన్న ముందుగా వచ్చి కూర్చున్నాడు. ఆ డైమండ్ రాజు పోతుందని తెలిసీ.

ఇప్పుడు పేక తిరుగుతోంది. అందరూ ఒక్కో రకంగా కలుపుతున్నారు. శంకరన్న హోటల్లో ఆడినట్టు టపటపా రెండు భాగాలు చేసి గుచ్చాడు. ఒక ముసలాయన ఒక్కొక్క ముక్కే తీసి అటొకటి ఇటొకటి పెట్టాడు, విత్తనం వేసినట్టు. ఎవరూ తొందరపెట్టలేదు. బుజ్జి వదినకు చేతిలో పట్టుకోవడం రాలేదు, చేటలో వేసి చెరిగింది. నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కింద పడ్డ ముక్కలు ఏరి మళ్ళీ వేసింది.

తర్వాత యాడి. పుట్టినాక పేక ముట్టడం ఇదే మొదలు. తువ్వాల పరిచింది. ముక్కలన్నీ బోర్లా పోసింది. రెండు చేతులా తిరగేసింది, కల్లంలో వడ్లు తిరగేసినట్టు, అడుగువి పైకి, పైవి అడుగుకు, అంచులవి నడుమకు. ఎంతసేపో. నేను చూసిన వీడియోలలో ఎవరూ అంత బాగా కలపలేదు.

ఆ కుప్పలో ఎక్కడో నల్ల మూడు ఉంది. మళ్ళీ మా ఇంటికే పడొచ్చు. నిజంగా కలిస్తే దానికీ పడే హక్కు ఉంది. అదొక్కటే భయంగా ఉంది నాకు. అది పడితే యాడి మొహం ఎట్లా చూడాలి. పడిందే పడింది అంటుందా. ఈ బుద్ధి నేర్పింది నువ్వే అంటుందా.

ఒక్క చినుకు పడింది పేజీ మీద. ఇంకు పాకింది.

మా ఇంటి పేరు మీద యాడి కలిపింది కదా, నా వంతు లేదనుకున్నా. మామ తల తిప్పి చూస్తున్నాడు. శంకరన్న కేక వేస్తున్నాడు — ఓ ఫోన్ పిలగా, నీ చెయ్యి కూడ పడాలె, లేకుంటె రేపు మళ్ల అంటవు. బొట్టు గిన్నె పట్టుకుని మామ ఆగి ఉన్నాడు, నా కోసమే.

పోవాలి